తాడు కొస పట్టినవాడు

చెప్పండి, మీరేం చూశారు?

ఆ రోజు పెరకొండ కోట వాకిట్లో మీరూ ఉన్నారనుకోండి. చక్రవర్తి పంపిన ఏనుగుల బండి కొండదారి ఎక్కి వచ్చి ఆగింది. ముందు నగారాలు, వెనక శంఖాలు, నడుమ తెల్లగొడుగు. గొడుగు కింద ఎర్రపట్టు కప్పిన కంచు భాండం. మీ కళ్ళు ఎక్కడ ఆగాయో ఉన్నదున్నట్టు చెప్పండి. గొడుగు చూశామంటారు. పట్టు చూశామంటారు. ఏనుగుల నొసట బంగారు పట్టాలు చూశామంటారు. ఊరంతా అదే చూసింది. అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టింది.

ఈదమ్మ మాత్రం బండి చుట్టూ నిలబడ్డ బంట్లను చూసింది. కాపలావాడెప్పుడూ ఊరి బయటికి తిరిగి నిలబడతాడు, దొంగ వచ్చేది బయటినుంచే గనక. ఈ బంట్లు ఊరివైపు తిరిగి ఈటెలు పట్టుకున్నారు.

"ఓహో, దొంగలం మనమా!" అనుకుంది ఈదమ్మ. చప్పట్లు కొట్టలేదు.

వాగుకు ఇవతల, అడవికి ఎగువన ఉన్న ఒకానొక చిన్న రాజ్యం ఈ పెరకొండ. కోట వెనక నిట్టనిలువు కొండచరియ, చరియ నిండా తేనెపెరలు. ఏలేవాడు రణకేసరి భూపతి. పేరులో రణమూ ఉంది, కేసరీ ఉంది. మనిషిలో ఉన్నదల్లా మీసం. చెడ్డవాడు కాడు, పొగిడితే కరిగిపోతాడు, అంతే. కానీ మామూలు మనిషి పొగడ్తకు లొంగితే వాడొక్కడే చెడతాడు. రాజు లొంగితే అది అంటురోగం. ముందు కొలువుకు అంటుకుంటుంది, తరవాత ఊరికి.

ఈదమ్మ తేనె తీసే కొండజనం ఆడపడుచు. పెద్దరాజుగారి కాలంలో కొండజనానికీ కోటకూ కత్తులు లేచినప్పుడు ఇద్దరి మధ్యా నిలబడి, ఉత్తి నోటితో సంధి చేసిన మనిషి. పెద్దరాజు మెచ్చి సభలో పీట వేయించాడు. "నా కొడుకు ఏలుబడిలో కూడా నీ నోటికి అడ్డు లేదు" అని మాటిచ్చాడు. జుట్టు నెరిసింది, నడుము వంగింది, నోరు మాత్రం వంగలేదు. మంత్రులకు ఆమె అంటే భయం. రాజుకు సరదా. రాణి తిమ్మాంబకు గౌరవం.

చక్రవర్తి చేతికింద ఏడుగురు రాజుల కూటమి ఉండేది. ఒకడి మీదికి ఎవడైనా దండెత్తితే అందరూ కత్తి దూయాలని ఒప్పందం. వాళ్ళలో పెరకొండే చిన్నది. కూటమిలో చేరడం తప్పు కాదు, ఒంటరివాడికి తోడు కావాలి. అయితే చక్రవర్తి ఈసారి తోడు పంపలేదు. భాండం పంపాడు.

ప్రళయభాండం అంటే ఏమిటో ఆ కాలపు పిల్లలకు కూడా తెలుసు. మూత తీసి విసిరితే ఊరు ఊరంతా ఒకటే మంట. ఆ మంట ఆరాక అసలు కష్టం మొదలవుతుంది. నేల గొడ్డుపోతుంది. ఆ నీళ్ళు తాగిన పశువు పడిపోతుంది. తాగి బతికిన తల్లి కడుపున పుట్టే బిడ్డ ఎట్లా పుడతాడో చెప్పడానికి మంత్రసానులే జంకుతారు.

సభ నిండింది. చక్రవర్తి రాయబారి విష్వక్సేన భట్టు వచ్చాడు. నిలువెత్తు మనిషి. మల్లుడి భుజాలు, పండితుడి నాలుక. ఒంటినిండా పునుగూ జవ్వాదీ. ఆయన కంటే ముందే ఆయన వాసన సభలోకి వచ్చి కూర్చుంటుంది.

"మహారాజా! ఏడుగురు మిత్రుల్లో చక్రవర్తి తమరిని ఎంచుకున్నారు. ఈ భాండాన్నీ, దీని వెనక వచ్చే మరికొన్నిటినీ తమ తేనెచరియ గుహలో ఉంచుతాం. ఇకమీదట ఇది ఉమ్మడి ఆయుధం. తమరు చక్రవర్తికి సరిజోడు."

సరిజోడు అన్న మాట చెవిన పడగానే రాజు మీసం దానంతటదే పైకి లేచింది.

"రేపు మా పెరపండుగ. ఆ శుభవేళ అందరి ఎదుటా చక్రవర్తి తాంబూలం అందుకుంటాను" అన్నాడు.

అందుకున్న తాంబూలం తిరిగిపోదు. అది మాట ఇచ్చినట్టు. రేపు ఆ తమలపాకు రాజు చేతిలో పడిందంటే కొండ కడుపులోకి ఆ కంచు చేరుతుంది. చేరితే ఇక రాదు. ఆ గుహ కింద ఈదమ్మవాళ్ళ గుడిసెలు. గుడిసెల కింద ఊట. ఊట నీళ్ళు తాగే ఊరు ఆ కింద. ఈదమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. రేపటిదాకా వ్యవధి ఉంది. ఈ తాంబూలం ఆపాలి.

"భట్టుగారూ, మోటుదాన్ని. రెండు మాటలు అడగొచ్చా?"

"అడుగు ముదుసలీ. అజ్ఞానం తీర్చడం మా కులవిద్య."

"భాండం ఎవరిది?"

"చెప్పాను గదా, ఉమ్మడిది."

"మోసేదెవరు?"

"తమ ఏనుగులు, తమ మావటీలు."

"మూతకు తాళం?"

"మా సేన నడిపే దళవాయి మొలలో ఉంటుంది."

"రేపు వాగవతలి రాజు మా గుమ్మంలోకొచ్చి, మా దొర తాళం తియ్యమంటే?"

"చక్రవర్తి సెలవు కావాలి."

"ఆ సెలవు రాకపోతే?"

"రాకపోతే తియ్యం."

"సరే. చక్రవర్తికి ఎక్కడో ఎవరితోనో గొడవొచ్చింది. వాళ్ళతో మాకు పేచీ లేదు. మా ఏనుగుల్ని కదలనివ్వనని మా దొర అంటే?"

భట్టు చిరునవ్వు నవ్వాడు. "మిత్రుడు అట్లా అనడు."

"అంటే మా దొర ఊఁ అన్నా చెల్లదు, ఊహూఁ అన్నా చెల్లదు. ఉమ్మడి అంటే ఇద్దరి చేతులూ ఒకే కంచంలో ఉండాలయ్యా! ఇక్కడ మీ చెయ్యి కంచంలో, మా చెయ్యి అంట్లలో."

సభలో ఎవరో కిసుక్కున నవ్వి నోరు నొక్కుకున్నారు. రాజు మొహం ఎర్రబడింది.

"ఈదమ్మా! వేళాకోళం చాలు. వాగవతలి రాజు కూడా ఎవరి దగ్గరో భాండం సంపాదిస్తున్నాడని వేగులు చెబుతున్నారు. మా నాన్నగారి కాలంలో గట్టుకోట వాళ్ళ చేతికే పోయింది. నా చేతిలో ఇంకో కోట పోనివ్వను. గొడుగు లేనివాడు తడవక తప్పదు."

ఆ మాటలో నిజం ఉంది. రాజుది ఉత్తుత్తి భయం కాదు. గట్టుకోట పోయిన ఏడాది ఈదమ్మ కూడా తనవాళ్ళ చితికి కట్టెలు పేర్చింది. అందుకే ఈసారి ఆమె గొంతులో ఎగతాళి లేదు.

"వానకు తడిస్తే ఆరతాం దొరా. పిడుగుకు మాత్రం అన్నిటికంటే ఎత్తున్న చెట్టే ముందు కనబడుతుంది. ఆ చెట్టు కిందికి మనల్ని రమ్మంటున్నారు. రేగడిసీమ రాజు కూడా ఇట్లాగే సరిజోడయ్యాడు. యుద్ధమొస్తే పగవాడు తన భాండం ఎక్కడ వేశాడు? చక్రవర్తి నగరం మీదా? కాదు, రేగడిసీమ మీద. చక్రవర్తి భాండాలు దాచింది అక్కడ గనక. ఆ దారిన నేను నడిచొచ్చాను. ఒక బావి చూశాను. గట్టు మీద చేద ఉంది, గిలకకు తాడుంది. చేదేవాళ్ళు లేరు. కొమ్మ మీద కాకి లేదు, బావిలో కప్ప లేదు. నీళ్ళు మాత్రం అద్దంలా ఉన్నాయి. దోసిలి పట్టి, కప్ప లేదే అని ఆగాను. ఆగాను గనక ఈ పీట మీద ఉన్నాను."

సభలో వింజామర కూడా ఆగిపోయింది.

భట్టు గొంతు సవరించుకున్నాడు. "దానికి చక్రవర్తి ఎంతో చింతించారు. తరవాత పగవాళ్ళతో గౌరవప్రదమైన సంధి చేసుకున్నారు."

"చేసుకునే ఉంటారు. రేగడిసీమ తరఫున చేవ్రాలు ఎవరు పెట్టారయ్యా? అక్కడ మనిషి మిగల్లేదే!"

"చాలు!" అని రాజు సింహాసనం చెయ్యి మీద చరిచాడు. "రణకేసరి జంకాడని ఊరూరా చెప్పుకోవాలా? రేపు చూడండి. ఏటా లాగా తాడు ముట్టి మొక్కి ఊరుకోను. నేనే చరియ దిగి మొదటి పెర కోస్తాను. ఆ పెర చేతిలో ఉండగానే తాంబూలం అందుకుంటాను!"

సభ భేష్ అంది. పెరపండుగ నాడు రాజు తాడుకు పసుపు పూసి మొక్కుతాడు, కొండజనం దిగుతారు, అదే ఆనవాయితీ. రాజు తానే దిగడం తాతల నాడు కూడా లేదు. మాట నోరుదాటాక రాజుకే గుండె ఝల్లుమంది. కానీ మీసమున్నవాడు మాట మింగలేడు.

ఈదమ్మ కళ్ళు మెరిశాయి. మనిషి తన నోటితో తాను తవ్వుకున్న గోతిలో దిగుతుంటే, మనం చెయ్యాల్సిందల్లా అంచు మీద జాగ్రత్తగా నిలబడడమే.

"మా బంగారు దొర! తప్పకుండా దిగండి. మరి తాడు కొస ఎవరు పడతారు?"

తేనె తీసేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. చరియ దిగేవాడి తాడు కొసను అతని భార్య తోడబుట్టినవాడే పట్టాలి. సొంత అన్నదమ్ముడు పనికిరాడు, వాటా గుర్తొస్తుంది. స్నేహితుడూ పనికిరాడు, ఈగ కుడితే స్నేహం గుర్తుండదు. బావమరిది అయితే తన తోడబుట్టినదాని బొట్టు కోసం, చేతులు తెగినా వదలడు. పాటలో లేదు, శాసనంలో లేదు. పైనుంచి పడి చచ్చినవాళ్ళను మోసి మోసి నేర్చుకున్న కట్టుబాటు.

అందరి చూపూ రాణిగారి తమ్ముడు పేరిరాజు మీదికి పోయింది. ఆయన ఒక స్తంభానికి చేరగిలి అరిసె నములుతున్నాడు. బొద్దుగా, మెత్తగా ఉంటాడు. రెండు మెట్లెక్కితే మూడోమెట్టు మీద కూర్చుంటాడు.

రాజు పకపకా నవ్వాడు. "వీడా? కట్టుకున్న పంచె జారకుండా పట్టుకోలేడు, నన్ను పట్టుకుంటాడా?"

"పట్టుపంచె బావగారూ, జారుతుంది. అక్క పెట్టింది" అన్నాడు పేరిరాజు, నోట్లో అరిసెతోనే. సభ గొల్లుమంది.

ఈదమ్మ కూడా నవ్వి, "అయితే చక్రవర్తి చెయ్యే పట్టాలి. అంత పెద్ద భాండం విషయంలో నమ్ముతున్న చేతిని ఈపాటి తాడు విషయంలో నమ్మలేమా?" అంది.

"సెబాసు! భట్టుగారూ, రేపు నా తాడు తమ చేతుల్లో!" అన్నాడు రాజు.

భట్టు భుజాలు విరుచుకున్నాడు. "ధన్యోస్మి. ఒక్కటే నియమం. చక్రవర్తి చెయ్యి పడ్డ ఏ వస్తువుకైనా కట్టడి ఒకటే. దించడమైనా లాగడమైనా, కింద శిబిరంలో మా దళవాయి జెండా ఎత్తాకే. నడుమ ఎవరూ కేకలు పెట్టకూడదు. మా క్రమశిక్షణ ఎట్లాంటిదో తమ సభ చూస్తుంది."

"భాండానికున్న కట్టడే తాడుకూ అంటారు?"

"అదే కట్టడి."

"సభ విన్నది" అంది ఈదమ్మ. "ఇంకో మాట, ఇది అందరికీ. రేపు కొండ మీదికి అత్తరు పూసుకుని రాకండి. తేనెటీగకు ఆ వాసన గిట్టదు. ఎండ చురుక్కుమంటే లోయగాలి పైకి తిరుగుతుంది. ఆలోపే దొరను పైకి లాగాలి."

"ఈగలకు జడిసి జవ్వాది మానేసే వంశం కాదు మాది" అన్నాడు భట్టు.

సభ ముగిశాక ఈదమ్మ వంటశాల వాకిట్లో పేరిరాజును పట్టుకుంది. అక్కడైతే తప్పకుండా దొరుకుతాడు.

"పేరిబాబూ, రేపు కొస నువ్వు పట్టాలి."

"నేను కళ్ళబడితేనే బావ వెనక్కి పొమ్మంటాడు ఈదమ్మా."

"వెనక్కే పో. కొస ఉండేది వెనకే. అక్కడ ఇద్దరు మనుషుల ఎత్తు రాయి ఉంది, దానికి రెండు చుట్లు తిప్పి కొస నడుముకు బిగించుకో. ముందువైపు ఎవరు ఏ గొప్ప చేతులతో పట్టినా నీకు అక్కర్లేదు. ఈగలు కుడతాయి. ఏడుపొస్తుంది. ఏడువు. వదలొద్దు."

పేరిరాజు మొహంలో వెటకారం పోయింది. చేతిలో అరిసె పళ్ళెంలో పెట్టేశాడు. "నేను పిరికివాణ్ణి, నాకు తెలుసు. కానీ అక్క మొహాన బొట్టు లేకుండా చూడగలిగేంత ధైర్యం కూడా నాకు లేదు" అన్నాడు.

ఈదమ్మకు అంతకంటే అక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే ఊరంతా కొండెక్కింది. తాడుకు పసుపు పూశారు. కింద కొండజనం పచ్చాకు పొగ పెట్టారు. పొగ చరియ వెంట పాకి పెరలను కమ్మింది. ఈగలు మత్తుగా మూలిగాయి. చరియ అంచున వెండిపళ్ళెంలో తాంబూలం సిద్ధంగా ఉంది. తాడు పట్టి భట్టు, ఆయన వెనక చక్రవర్తి బంట్లు. ఇంకా వెనక, రాయి చాటున, ఎవరికీ కనబడకుండా పేరిరాజు.

"వాణ్ణి నా కళ్ళముందు ఉంచకండి" అని రాజు ముందే అన్నాడు. ఉంచలేదు.

కింద శిబిరంలో జెండా లేచింది. రాజు దిగాడు. మొదట మీసం కనబడింది, తరవాత తలపాగా, తరవాత ఏమీ కనబడలేదు. కాసేపటికి కిందినుంచి కేక. "కోశాను! పెర కోశాను! లాగండి!"

జనం జేజేలు కొట్టారు. భట్టు కదల్లేదు.

"అయ్యా, లాగండి" అంది ఈదమ్మ.

"జెండా లేవలేదు."

"మా దొర అరుస్తున్నాడు."

"నియమం నియమమే. కబురు పంపాం. దళవాయి చూసుకుని ఎత్తుతాడు. క్రమశిక్షణ అంటే ఇదే, నేర్చుకో."

"భట్టూ! లాగవయ్యా! చెయ్యి తిమ్మిరెక్కుతోంది!" అని కిందినుంచి రాజు.

"ఓపిక పట్టండి మహారాజా! సెలవు రావాలి!"

"నా ప్రాణానికి ఎవడి సెలవురా!"

ఎండ చురుక్కుమంది. ఈదమ్మ మెడమీద చల్లటి గాలి తగలడం ఆగింది. వేడిగాలి లోయలోంచి పైకి లేచింది. పొగ విరిగిపోయింది. మత్తు వదిలిన ఈగలు ఒక్కసారిగా రొద పెట్టాయి. రాజు పండుగ నియమం ప్రకారం ఉత్తినీళ్ళతో స్నానం చేసి వచ్చాడు. ఆయన చుట్టూ రెండు చుట్లు తిరిగి, ఒకటి రెండు చోట్ల పలకరించి, అవి పైకి లేచాయి. పైన పునుగూ జవ్వాదీ ఎదురుచూస్తున్నాయి.

ఆ తరవాత జరిగింది చూడాలంటే చాలా కళ్ళు కావాలి. చక్రవర్తి బంట్లు ఈటెలు పారేసి పరుగెత్తారు. భట్టు ఒక్క కుట్టుకు పళ్ళు కరిచాడు. ఇంకో కుట్టుకు శ్లోకం మొదలెట్టాడు. ఆపైన శ్లోకమూ లేదు, కట్టడీ లేదు, తాడూ లేదు. రెండు చేతులతో తల చరుచుకుంటూ, తాంబూలం పళ్ళెం మీదుగా, వాననీటి గుంటలోకి అడ్డంగా పడ్డాడు.

తాడు సర్రున జారింది. చరియ కిందినుంచి పెద్ద కేక.

ఈదమ్మ గుండె ఆగింది. రాయి మీద చుట్లు ఉన్నాయని తెలుసు. అయినా ఆగింది. లెక్క తెలిసినంత మాత్రాన భయం ఆగదు.

తాడు బిగిసింది. ధన్‌మని మోగింది. నిలిచింది.

రాయి చాటున పేరిరాజు కాళ్ళు రెండూ నేలలో తన్నిపెట్టి వెల్లకిలా వాలిపోయాడు. ఈగలు మొహం మీద వాలాయి. కళ్ళు మూసుకుపోతున్నాయి. చిన్నపిల్లాడిలా బావురుమని ఏడుస్తున్నాడు. "అక్కా, అక్కా" అంటున్నాడు. వదల్లేదు. ఈదమ్మ చెంగు తలకు చుట్టుకుని వెళ్ళి అతని వెనక తాడు పట్టింది. కొండజనం వచ్చి పట్టారు. జెండా కోసం ఎవరూ చూడలేదు. రాజు పైకి వచ్చాడు, చంకలో పెరతో సహా.

అంచు మీద కూర్చుని రాజు చాలాసేపు నేలను రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు. కింది పెదవి ఉబ్బింది. మీసం ఒకవైపు వాలింది.

"నన్ను వదిలింది ఎవరు?"

గుంటలోంచి నీళ్ళోడుతూ భట్టు లేచాడు. కన్ను ఒకటే తెరుచుకుని ఉంది.

"మహారాజా, అనుకోని ఆపద. చక్రవర్తి చెయ్యి వదిలిందని భావించకండి. ఈగలు నా మీద పడ్డాయి గనక..."

"అదే గదయ్యా మేం అడిగేది!" ఈదమ్మ ముందుకొచ్చింది. ఆమె గొంతు చరియకు తగిలి రెండుసార్లు వినబడింది. "మా మీద పడ్డప్పుడు పట్టుకున్నారు. జెండా కోసమైనా పట్టుకున్నారు. మీ మీద పడగానే వదిలారు. నేను తప్పు పట్టను. ఎవరి ఒళ్ళు వాళ్ళకు తీపి. రేపు పగవాడి భాండం మీ నగరం వైపు తిరిగితే, మీ చక్రవర్తి మాత్రం ఇంకేం చేస్తాడు? మీకంటే గొప్పవాడా, ఈగలకు?"

రాజు ఉబ్బిన కళ్ళతో వెనక్కి తిరిగాడు. "మరి నన్ను నిలిపింది?"

జనం పక్కకు తప్పుకున్నారు. పేరిరాజు ఇంకా నడుముకు తాడుతోనే కూర్చుని ఉన్నాడు. అరచేతుల తోలు లేచిపోయింది. పంచె ఎప్పుడో జారిపోయింది. ఎవరో కంబళి కప్పారు.

"బావగారూ, పంచె పట్టుకోలేకపోయాను. చేతులు ఖాళీ లేవు" అన్నాడు.

రాజు లేచాడు. వెళ్ళి బావమరిది పక్కన నేల మీద కూర్చున్నాడు.

భట్టు తడిసిన తాంబూలం ఏరి, మళ్ళీ పళ్ళెంలో పేర్చి, వంగి ముందుకు చాచాడు. రాయబారి వృత్తి అట్లాంటిది, కన్ను పోయినా పళ్ళెం పోనివ్వడు. "మహారాజా, ముహూర్తం దాటుతోంది. చక్రవర్తి సమాధానం కోసం ఎదురు చూస్తుంటారు."

రాజు పళ్ళెం వైపు చూశాడు. చెయ్యి సగం లేచి ఆగింది. కాదంటే చక్రవర్తికి కోపం. ఔనంటే ఇప్పుడే ఎక్కివచ్చిన చరియ. ఈదమ్మ వైపు చూశాడు. ఈసారి ఆ చూపులో సరదా లేదు.

ఈదమ్మ అంది. "కాదనకండి దొరా. మన కట్టుబాటు చెప్పండి చాలు."

రాజుకు అర్థమైంది. మెల్లిగా లేచాడు. ఉబ్బిన పెదవితో, ఒక్కొక్క మాటే పలికాడు. ఆయన జీవితంలో మొదటిసారి మీసం సాయం లేకుండా మాట్లాడాడు.

"భట్టుగారూ! చక్రవర్తికి మా నమస్కారాలు చెప్పండి. కూటమిలో మేం ఉన్నాం, ఉంటాం. ఆయన మీదికి ఎవరైనా వస్తే మా కత్తులు వస్తాయి. భాండం కూడా ఉంచుకుంటాం. కానీ మా కొండలో తాడు కొస పట్టేవాడికి ఒక కట్టుబాటు ఉంది. మేం పడితే వాడి ఇంట్లో బొట్టు చెరగాలి. అందుకని చక్రవర్తిగారి పెద్దకొడుకునూ, కోడలినీ, మనవలనూ పంపమనండి. ఆ గుహ వాకిట్లోనే మేడ కట్టిస్తాం. మా ఊట నీళ్ళే తాగుతారు, మా గాలే పీలుస్తారు. తాళం ఆ రాకుమారుడి మొలలో ఉండనివ్వండి, మాకు అభ్యంతరం లేదు. వాళ్ళు కాపురానికి వచ్చిన రోజు నేనే ఎదురొచ్చి తాంబూలం అందుకుంటాను."

భట్టు తెరిచి ఉన్న ఆ ఒక్క కన్నూ మూశాడు.

"అది... రాకుమారుడా? భాండాల పక్కనా? ఎట్లా కుదురుతుంది మహారాజా, ప్రమాదం గదా..." అని, తన నోటితో తాను అన్న మాట తానే విని, ఆగిపోయాడు.

మొదట నవ్వింది రాజు. పెదవి నొప్పికి అబ్బా అంటూనే నవ్వాడు. ఆ నవ్వు పేరిరాజుకు అంటుకుంది, కొండజనానికి అంటుకుంది, చరియ అంతా నవ్వింది. ఈగలే కాస్త నయం అనుకున్నాడు భట్టు.

పొద్దువాలకముందే బండి దిగిపోయింది. తెల్లగొడుగు మడిచారు. బంట్లు ఈటెలు ఏరుకున్నారు. చక్రవర్తికి కోపం వచ్చింది, రాకుండా ఉంటుందా? కొన్నాళ్ళు కానుకలు ఆగాయి, కబుర్లు ఆగాయి. కానీ కొడుకును పంపను, నా భాండం నువ్వు మొయ్యి అని పైకి అనలేడు గదా. నోరు మెదపలేదు. వాగవతలి రాజు కూడా రాత్రికి రాత్రే మంచివాడైపోలేదు. నీళ్ళ దగ్గర ఎప్పటిలా తగాదా పడ్డాడు. ఇటువాళ్ళు గోడల ఎత్తు పెంచుకున్నారు, కావలి పెంచుకున్నారు, ఇద్దరి మనుషులూ గట్టున కూర్చుని గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడుకున్నారు. కష్టమే. కానీ ఊటలో కప్పలు అరుస్తూనే ఉన్నాయి.

వాపులు తగ్గాక నిండు సభలో రాజు ఈదమ్మను పిలిచాడు. "నన్ను చరియలో వేలాడదీసిన ముసలిదానా! శిక్ష వెయ్యాలా, బహుమానం ఇవ్వాలా నాకే తెలియడం లేదు. నువ్వే కోరుకో."

"దిగుతానన్నది మీరు దొరా. తాడు భట్టు చేతిలో పెట్టిందీ మీరే. కొస కట్టించడం ఒక్కటే నా పని" అంది ఈదమ్మ. "కోరుకోమన్నారు గనక రెండు కోరతాను. పేరిబాబుకు మీ పక్కన పీట వెయ్యండి, కాస్త గట్టి పీట. ఆ పసుపుతాడును సింహాసనానికి ఎదురుగా, మీ కళ్ళకు రోజూ కనబడేట్టు వేలాడదీయండి. మళ్ళీ ఎవరైనా గొడుగు పట్టుకుని వస్తే, ముందు అది చూసి తరవాత గొడుగు చూడండి."

రాజు మళ్ళీ నవ్వాడు. పీట వేయించాడు, తాడు కట్టించాడు. మొదటి పెర తేనె తన చేత్తో ఈదమ్మ దోసిట్లో పోశాడు. ఆమె తాగింది. ఈసారి ఆగలేదు.

ఆ తాడు ఆ సభలో చాలాకాలం వేలాడింది. దాన్ని చూసినవాళ్ళు పోయారు, సభా పోయింది. గొడుగులు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి, నగారాలతో సహా. మీరూ చప్పట్లు కొడుతూనే ఉన్నారు. కొట్టండి, కాదనను. అయితే మీ నడుముకు కట్టిన తాడు కొస ఎవరి చేతిలో ఉందో, మీరు పడితే వాడి ఇంట్లో ఎవరు ఏడుస్తారో, ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూశారా?